జూలో పని అంటే జంతువులతో ఆడుకోవడమేనా?

జువాలజీలో పీజీ చేశానని, జంతువులంటే ప్రాణమని, జూలో చేరాలనుందని రాశారు. అక్కడ రోజూ ఏం పని ఉంటుంది, సంరక్షణ నిజంగా జరుగుతుందా లేక బోనుల్లో పెట్టి టికెట్లు అమ్మడమేనా అన్నది మీ ప్రశ్న. హైదరాబాద్ నెహ్రూ జూలో మూషిక జింకల ప్రాజెక్టులో కొంతకాలం సహాయకుడిగా చేశాను. నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

జంతువులతో గడిపేది తక్కువ, వాటి పెంటికలతో గడిపేది ఎక్కువ. పొద్దున్నే తాళం తీశాక ముందు తలలు లెక్కపెట్టాలి. తర్వాత రాత్రి వేసిన మేతలో ఎంత మిగిలిందో, పెంటికలు గట్టిగా పడ్డాయో పలచగా పడ్డాయో చూసి రిజిస్టర్లో రాయాలి. అడవి జంతువు ఒంట్లో బాగాలేకపోయినా పైకి కనబడనివ్వదు. కీపర్‌కి అనుమానం వచ్చేది మిగిలిపోయిన మేత చూశాకే. పులులు, సింహాల దగ్గరైతే వాటిని పక్క గదిలోకి పంపి, గేటు దించి, తాళం వేసి, ఇంకోసారి లాగి చూసి గానీ చీపురు పట్టకూడదు. వారానికో రోజు వాటికి మాంసం ఉండదు. అడవిలో మాత్రం రోజూ వేట దొరుకుతుందా! ఎండాకాలంలో తడి గోనెపట్టాలు, స్ప్రింక్లర్లతో ఇంకో చాకిరీ.

ఇక నా జింకలు. మూషిక జింక మూడు కిలోల ప్రాణి. కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. పగలంతా పొదల్లో నక్కి ఉండి చీకటి పడ్డాక తిరుగుతుంది. మహా పిరికిది, తరిమి పట్టుకుంటే ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు. అందుకే వాటి ఆవరణలోకి సందర్శకులను రానివ్వరు. 2010లో కేంద్ర జూ అథారిటీ, అటవీ శాఖ, అత్తాపూర్‌లోని లాకోన్స్ (అంతరించిపోయే ముప్పున్న జంతువుల మీద పనిచేసే సీసీఎంబీ ప్రయోగశాల) కలిసి ఆరు జింకలతో వీటి సంతతి పెంచే పని మొదలుపెట్టాయి. కొన్నేళ్లలో సంఖ్య రెండొందలు దాటింది. చూలు నిలిచిందో లేదో తెలుసుకోవడానికి రక్తం తీయనక్కర్లేదు, పెంటికల్లోని హార్మోన్లు చూస్తే చాలు. ఇంకో విచిత్రం, ఈనిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్లీ మగదానితో కలుస్తుంది. చూలు సుమారు ఐదు నెలలు. అంటే ఒక పిల్లకి పాలిస్తూనే మరోదాన్ని మోస్తుంటుంది.

2017 నుంచి వాటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదలడం మొదలైంది. తెచ్చి నేరుగా అడవిలో వదలరు. ముందు అక్కడే కంచె వేసిన చోట ఉంచి, ఆ చెట్టూ చేమా అలవాటయ్యాక గేటు తీస్తారు. ఆ గేటు తీసే రోజు కోసమే మేం వాటికి పేర్లు పెట్టలేదు, నిమరలేదు, చేత్తో తినిపించలేదు. మనిషిని చూసి పారిపోని జింక అడవిలో ఎన్నాళ్లు బతుకుతుంది? జంతువులంటే ప్రాణం అన్నారు కాబట్టి ఇది ముందే చెబుతున్నాను. మీరు మేత పెట్టే జంతువు మిమ్మల్ని చూసి దాక్కుంటుంది, అలాగే ఉండాలి కూడా.

మీ రెండో ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, జూలో ఉన్న ప్రతి జంతువు వల్లా సంరక్షణ జరగదు. జనం ఎగబడి చూసే తెల్లపులినే తీసుకోండి. అది వేరే జాతి కాదు, రంగు మారిన మామూలు పులి. దగ్గరి సంబంధాలు కలిపి ఆ రంగు నిలబెట్టుకొచ్చారు. దాన్ని అడవిలో వదిలే ఉద్దేశం ఎవరికీ లేదు. అసలు పని జనం కంటపడని చోట జరుగుతుంది: ఇక్కడ మూషిక జింకలు, రాబందులు, విశాఖ జూలో రేచుకుక్కలు (అడవి కుక్కలు). గాజు మీద బాది, చిప్స్ విసిరే సందర్శకుల మీద నాకు కోపం ఉన్నమాట నిజమే గానీ, వాళ్లు కొన్న టికెట్ల డబ్బు జూకి అవసరమే.

మీ చదువుకి కీపర్ పోస్టు కంటే బయాలజిస్టు, ప్రాజెక్టు అసిస్టెంట్ పోస్టులు నయం. లాకోన్స్ ప్రాజెక్టుల ప్రకటనలు దాని మాతృసంస్థ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వెబ్‌సైట్‌లో వస్తాయి, చూస్తూ ఉండండి. జీతం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి చేరండి.