పుస్తకం పేరు కాదు, మీ ప్రశ్న చెప్పండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది నెల్లూరు. పెళ్లయ్యాక మద్రాసు వచ్చి పెరంబూరులో ఉంటున్నాం. దూరవిద్యలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. వాళ్లు పంపిన పుస్తకం చూసి రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ విధానం మీద అసైన్‌మెంట్ రాస్తే, ‘పాఠం దించేశారు, వేరే గ్రంథాలు చూడలేదు’ అని ఎర్ర ఇంకుతో రాసి పంపారు. దగ్గర్లో ఒక కాలేజీ లైబ్రరీకి వెళ్తే మా స్టూడెంట్లకే అన్నారు. బాబుకి మూడేళ్లు. ఆదివారం తప్ప తీరికుండదు. ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, మిమ్మల్ని గుమ్మంలో ఆపినాయన చేసిన పనే లైబ్రేరియన్‌గా ఒకప్పుడు నేనూ చేశాను. అంబత్తూరులో లేత్ మిషన్ మీద పనిచేసే కుర్రాడు, దూరవిద్యే, గ్రీజు మరకల చేతులతో వచ్చి స్టాటిస్టిక్స్ పుస్తకం అడిగాడు. కార్డు లేదని పంపేశాను. రూలు రూలే. కానీ ఆ పూట మా రీడింగ్ హాల్లో ఉన్నది ఇద్దరు, అందులో ఒకడు నిద్రపోతున్నాడు. ఇదే ఊళ్లో 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరిన రంగనాథన్ గారు ‘ప్రతి పాఠకుడికీ తన పుస్తకం’ అని సూత్రం రాశారు. అది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను!

పుస్తకాల కట్ట పోస్టులో పంపేస్తే తమ పని అయిపోయిందనుకునే యూనివర్సిటీలంటే నాకు ఒళ్లు మంట. ఆ కోపం సరే, మీ పని చూద్దాం.

ముందు ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీకి వెళ్లండి. 1896 నుంచి ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానిదీ ఒక కాపీ చేరవలసిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి, కాబట్టి తెలుగు పుస్తకాలూ ఉంటాయి. ఆదివారం వేళలు ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ కౌంటర్లో పుస్తకం పేరు అడగొద్దు. ‘మా నెల్లూరు జిల్లాలో శిస్తు ఎలా కట్టేవాళ్లో తెలుసుకోవాలి’ అనండి. పేరు అడిగితే ఉందో లేదో చెప్తారు, అంతే. ప్రశ్న చెబితే మంచి లైబ్రేరియన్ కుర్చీలోంచి లేస్తాడు. 1873లో అచ్చయిన నెల్లూరు జిల్లా మాన్యువల్, అంటే జిల్లా వివరాల పుస్తకం గురించి కూడా అడగండి. పాఠంలో లేని మీ ఊరి సంగతి ఒక్కటి దొరికినా ఆ ఎర్ర ఇంకుకి అదే జవాబు.

బాబు పడుకున్నాక ఫోన్లో శోధ్‌గంగ వెబ్‌సైట్ తెరవండి. మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాలు అందులో ఉచితంగా చదవొచ్చు. మొత్తం చదవొద్దు, తెల్లారిపోతుంది. మీ విషయానికి దగ్గరైనది ఒకటి పట్టుకుని, చివరనుండే గ్రంథసూచిక రాసుకోండి. ‘వేరే గ్రంథాలు’ అంటే ఏవో అక్కడే తెలుస్తుంది. ఇగ్నో అనే దూరవిద్య యూనివర్సిటీ పాఠాలు వాళ్ల వెబ్‌సైట్ ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉంటాయి. మీది వేరే యూనివర్సిటీ అయినా పోల్చి చూసుకోవచ్చు.

కాలేజీ లైబ్రరీని కూడా వదలకండి. మీ స్టడీ సెంటర్ కోఆర్డినేటర్ దగ్గర ఒక ఉత్తరం రాయించుకుని, ఈసారి గుమ్మంలో కాదు, నేరుగా లైబ్రేరియన్ గదికి వెళ్లండి. పుస్తకం ఇంటికి ఇమ్మని కాదు, అక్కడే కూర్చుని చదువుకుంటానని అడగండి. నా దగ్గరికి అలా ఉత్తరంతో వచ్చినవాళ్లని నేను వెనక్కి పంపలేదు.

ఒక ఆదివారం కొట్టూరుపురం అన్నా శతజయంతి లైబ్రరీకి ముగ్గురూ వెళ్లండి. అక్కడ పిల్లలకి ప్రత్యేక విభాగముంది. బాబునీ మీవారినీ అందులో కూర్చోబెట్టి మీరు చరిత్ర పుస్తకాల వైపు వెళ్లండి. ఇద్దరిలో ముందు ఎవరు ఇంటికెళ్దాం అన్నారో నాకు రాయండి.