మూడుసార్లూ వెనకవైపే

ప్రశ్న: మైకేల్ జాక్సన్ అన్నదమ్ముల బృందం జాక్సన్ ఫైవ్ పాడిన ‘హూజ్ లవిన్ యూ’ నాకు ఎంతో ఇష్టమైన పాట. దానిని తొలుత వేరొక బృందం పాడిందనీ, పేరున్న మరో పాటకు బి-సైడుగా, అంటే డిస్కు వెనకవైపు పాటగా వచ్చి మరుగున పడిందనీ ఈమధ్య చదివాను. ఆ తొలి పాట ఎవరిది? అంత మంచి పాటను వెనకవైపు ఎందుకు వేశారు? ఇప్పుడు దానిని వెతికి వింటే కొత్తగా దొరికేది ఏమైనా ఉందా?

జవాబు: ఆ పాట అమెరికాలోని డెట్రాయిట్ నగరానికి చెందిన మిరకిల్స్ బృందానిది. 1960లో మోటౌన్ రికార్డు కంపెనీ వారి టామ్లా లేబుల్ మీద, 54034 నంబరుతో, ‘షాప్ అరౌండ్’ అనే పాటకు రెండో వైపున వెలువడింది. రాసిందీ, ముందుండి పాడిందీ బృంద నాయకుడు స్మోకీ రాబిన్సన్. ఆయనకు అప్పటికి 20 ఏళ్ళు. ఆయనతో పాటు బృందంలో క్లాడెట్, బాబీ రోజర్స్, రానీ వైట్, పీట్ మూర్, గిటార్ వాయించే మార్వ్ టార్ప్లిన్ ఉండేవారు.

వెనకవైపు వేసినంత మాత్రాన కంపెనీ ఆ పాటను తక్కువగా చూసిందని అనుకోనక్కరలేదు. నిమిషానికి 45 చుట్లు తిరిగే ఆ చిన్న డిస్కు అమ్ముడుపోవాలంటే రేడియో కేంద్రాలు ఒకే పాటను పదేపదే వేయాలి. కొన్ని కేంద్రాలు ఒక వైపునూ మరికొన్ని రెండో వైపునూ వేస్తే, రెండు వైపులనూ విడివిడిగా లెక్కించే ఆనాటి బిల్‌బోర్డ్ పత్రికవారి పాటల జనాదరణ పట్టికలో ఏ పాటా పైకి రాదు. అందువల్ల హుషారైన పాటను ముందు పెట్టి, దానితో పోటీకి రాని నిదానమైన పాటను వెనక పెట్టడం వాడుకగా ఉండేది. ఇక్కడ ముందున్న పాట సామాన్యమైనది కాదు. డెట్రాయిట్‌లో ‘షాప్ అరౌండ్’ మొదటి రూపం విడుదలైన తరువాత కూడా కంపెనీ అధిపతి బెరీ గోర్డీకి దాని వేగం నచ్చలేదు. తెల్లవారుజామున 3 గంటలకు స్మోకీకి ఫోన్ చేసి, బృందాన్ని వెంటనే స్టూడియోకు రప్పించి, పియానో వాద్యకారుడు రాకపోతే తానే పియానో ముందు కూర్చుని, ఆ పాటను వేగం పెంచి మళ్ళీ రికార్డు చేయించారు. ఆ రూపమే 1961 మొదట్లో నల్లజాతివారి సంగీతానికి వేసే ఆర్ అండ్ బి పట్టికలో 1వ స్థానానికీ, పాప్ పట్టికలో 2వ స్థానానికీ చేరి, ఆ కంపెనీకి పది లక్షల ప్రతులు దాటిన తొలి రికార్డయింది. అంతటి పాట ఉన్న డిస్కును తిప్పి రెండో వైపు ముల్లు పెట్టినవారు తక్కువే అయి ఉంటారు. రాసినవారికి మాత్రం దీనివల్ల నష్టం లేదు. 1909 నాటి అమెరికా చట్టం డిస్కు మీది ఒక్కొక్క పాటకు ప్రతికి 2 సెంట్ల రేటు పెట్టింది, అందులో ముందువైపు, వెనకవైపు అన్న తేడా లేదు.

ఇక పాట సంగతి. అందులోని కథ చాలా చిన్నది. తోడుగా ఉన్నప్పుడు ఆమెను కష్టపెట్టిన మనిషి, ఆమె వెళ్ళిపోయాక తల వంచుకుని కూర్చుని, ఇప్పుడామెను ఎవరు ప్రేమిస్తున్నారో అని కుమిలిపోతుంటాడు. నడక తిస్రగతిని పోలి ఉంటుంది. ప్రతి దెబ్బలోనూ మూడేసి అంశలు నెమ్మదిగా దొర్లుతుంటాయి. 1950లలో గొంతులు కలిపి పాడే డూవాప్ అనే పద్ధతి బృందాల విషాదగీతాలు చాలావరకు ఈ నడకలోనే సాగేవి కనుక, ఆ పాత పద్ధతి, చర్చి పాటల ఆవేశం నిండిన సోల్ సంగీతంలోకి మారుతున్న ఘడియను ఇందులో స్పష్టంగా వినవచ్చు. స్మోకీది సన్నని గొంతు. పైస్థాయికి వెళ్ళినచోట అది ఫాల్సెటో అనే దొంగగొంతు అంచున వణుకుతుందే గాని ఎక్కడా అరుపుగా మారదు. తప్పు తనదేనని తెలిసినవాడికి గొంతెత్తి నిలదీసే హక్కు ఉండదు. ఆయన పాడిన తీరులో నాకు వినబడేది ఆ సంకోచమే. బృందంలోని క్లాడెట్ ఆయన భార్య అనీ, 1959లోనే వారి పెళ్ళి జరిగిందనీ తెలిసిన తరువాత, వెనక నుంచి వచ్చే వంతగొంతులను నేను మునుపటిలా వినలేకపోయాను.

మీకిష్టమైన జాక్సన్ ఫైవ్ పాట దారి వేరు. మొదటి మాటనే మైకేల్ సాగదీసి, చర్చి గాయకుల పద్ధతిలో మెలికలు తిప్పి, వినేవాడిని అక్కడికక్కడే కట్టిపడేస్తాడు. ఆ డిస్కు విడుదలైన 1969 అక్టోబరు నాటికి అతనికి 11 ఏళ్ళు. ఇంత చిన్నవాడికి ఇంత బాధ ఎలా తెలుసునని, 2009లో జరిగిన మైకేల్ సంస్మరణ సభలో స్మోకీయే తన నాటి ఆశ్చర్యాన్ని చెప్పుకున్నారు. గాత్రంలో పిల్లవాడిదే పైచేయి అని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ పాటలో గొంతు మహిమ ముందు నిలుస్తుంది, మిరకిల్స్ పాటలో పశ్చాత్తాపం ముందు నిలుస్తుంది. మాటల అర్థం మనసుకు పట్టాలంటే నా ఓటు మిరకిల్స్‌కే.

చాలామందికి తెలియని మరొక సంగతి ఉంది. ఈ రెండింటి నడుమ, 1961లో, ఇంకా పేరు రాని సుప్రీమ్స్ బృందం ఇదే పాటను 17 ఏళ్ళ డయానా రాస్ గొంతుతో రికార్డు చేసింది. అదీ ‘బటర్డ్ పాప్‌కార్న్’ అనే పాటకు వెనకవైపునే వచ్చింది. జాక్సన్ ఫైవ్ పాట కూడా ‘ఐ వాంట్ యూ బ్యాక్’ అనే డిస్కుకు రెండో వైపు. పాట హక్కులు గోర్డీ సొంత ప్రచురణ సంస్థ జోబెట్ చేతిలో ఉండేవి కనుక, ఏ కొత్త బృందం వచ్చినా రెండో వైపు నింపడానికి ఇంటి పాటను వాడుకోవడం కంపెనీకి లాభసాటి. ఆ విధంగా తొమ్మిదేళ్ళలో మూడు బృందాలు పాడినా, మూడుసార్లూ ఈ పాట వెనకవైపే ఉండిపోయింది.

తొలి రూపం వినడానికి పాత డిస్కు కోసం తిరగవలసిన పని లేదు. 1961లో టామ్లా విడుదల చేసిన ‘హాయ్... వియ్ ఆర్ ద మిరకిల్స్’ అనే బృందపు తొలి ఎల్పీ (ఎక్కువ పాటలుండే పెద్ద డిస్కు) వెతకండి. ‘షాప్ అరౌండ్’ కూడా అందులో ఉంది, కాని నాలుగో పాటగా. ముల్లు పెట్టగానే మొదట వినిపించేది మీరడిగిన పాటే.