నల్లా వెనక ఉద్యోగం: జనంతో మాట్లాడాలంటే భయపడేవాళ్లు చేయగలరా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నగరానికి కృష్ణా నీళ్లు తీసుకెళ్లే పెద్ద పైపు మా ఊరికి దగ్గర్లోంచే పోతుంది. చిన్నప్పటి నుంచి దాన్ని చూస్తూ పెరిగినందుకేమో, ఒక నగరానికి నీళ్లిచ్చే ఆఫీసులో పనిచేయాలని ఉంది. మా పెద్దనాన్న మాత్రం 'అందులో పైపుల కంటే తిట్లే ఎక్కువ, రోజూ జనం మీద పడతారు' అంటున్నారు. నాకు నలుగురిలో మాట్లాడాలంటేనే టెన్షన్. ఎంటెక్ చేసి డిజైన్ వైపు వెళ్లిపోనా? నాన్నేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. నా పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీ పెద్దనాన్న చెప్పింది అబద్ధం కాదు. కానీ తిట్లు ఎందుకు పడతాయో తెలిస్తే ఆ ఉద్యోగం నీకు వేరేలా కనిపిస్తుంది.

మీ ఊరి పక్క పైపుతోనే మొదలుపెడతాను. కోదండాపూర్‌లో శుద్ధి చేసిన నీళ్లు నాసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా పంపులతో మెట్టుమెట్టుగా ఎక్కి హైదరాబాద్‌లోని సాహెబ్‌నగర్ చేరతాయి. మూడు దశలూ కలిపి 270 ఎంజీడీ, అంటే రోజుకు 27 కోట్ల గ్యాలన్లు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నీళ్లు వాలును బట్టి నగరంలోకి దిగేవి. కృష్ణా నీళ్లు అలా రావు, ప్రతి చుక్కనూ కరెంటుతో ఎత్తాల్సిందే. అంత దూరం, అంత ఖర్చుతో వచ్చిన నీళ్లు చివరికి ఏదో బస్తీలో పగిలిన పైపులోంచి డ్రైనేజీలోకి పోతుంటే, దాన్ని అందరికంటే ముందు చూసేది ఆ గల్లీలో ఉండేవాళ్లే. వాళ్లు ఫోన్ చేస్తారా? చేస్తే ఎవరైనా ఎత్తుతారా? ఎత్తినవాళ్లు వస్తారా? నీటి సంస్థను నడపడంలో సగం పని ఇదే. దీన్ని ఏ డిజైన్ పుస్తకమూ నేర్పదు.

నువ్వు ఇంజినీరువి కాబట్టి ఒక సాంకేతిక ఉదాహరణ చెప్తాను. మన నగరాల్లో చాలాచోట్ల నీళ్లు రోజంతా రావు, రోజుకో రెండు రోజులకో ఒకసారి కొన్ని గంటలు వస్తాయి. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది. పక్కనే డ్రైనేజీ లైను ఉండి, పైపుకు చిన్న పగులు ఉంటే బయటి మురుగు లోపలికి లాక్కుంటుంది. మర్నాడు వాల్వు తిప్పగానే మొదటి పది నిమిషాలు రంగు నీళ్లు. పైన ప్లాంట్‌లో ఎంత బాగా శుద్ధి చేసినా ఆ గల్లీలో తల్లులకు దానితో పనిలేదు. వాళ్ల బిందెలోకి వచ్చింది మురుగు. ఆ పగులు ఎక్కడుందో కనుక్కోవాలంటే ఏ ఇంట్లో రంగు నీళ్లు వచ్చాయి, ఏ ఇంట్లో రాలేదు, ఎప్పటి నుంచి వస్తున్నాయి అని ఇంటింటికీ వెళ్లి అడగాలి. కోపంగా ఉన్న మనిషి ఇంటి ముందు నిలబడి అడగాలి. అంటే లీకేజీ పట్టుకోవడానికి నీకు దొరికే మొదటి కొలత ఆ కోపంలోంచే వస్తుంది. దీన్ని నువ్వు మనసులో పెట్టుకోవాలని నా కోరిక.

ఇక్కడ కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్ సంగతి చెప్పకుండా ఉండలేను. యుద్ధాలు, మారణకాండ దాటిన ఆ నగరంలో 1993లో ఎక్ సొన్ చాన్ అనే ఇంజినీరు నీటి సంస్థ పగ్గాలు పట్టాడు. ఆ మారణకాండ సాగించిన ఖ్మేర్ రూజ్ పాలనలో సొంత కుటుంబాన్ని పోగొట్టుకున్న మనిషి. అప్పటికి సంస్థ పంపే నీళ్లలో 72 శాతం లెక్కకు రావడం లేదు. కొంత కారిపోయేది, కొంత దొంగ కనెక్షన్లలో పోయేది, కొంత సిబ్బందే అమ్ముకునేవాళ్లు. ఆయన ముందు తన ఆఫీసును సరిచేశాడు. తర్వాత ఇంటింటికీ తిరిగి ఎవరికి కనెక్షన్ ఉంది, ఎవరికి లేదు అన్న జాబితా రాయించాడు. అందరికీ మీటర్లు పెట్టించాడు. డబ్బున్నవాళ్లు, అధికారంలో ఉన్నవాళ్లు కూడా బిల్లు కట్టాల్సిందే అన్నాడు. ఒక సైనిక జనరల్ ఇంటికి మీటరు పెట్టడానికి వెళ్తే తలకు తుపాకీ గురిపెట్టారని ఆయనే చెప్పాడు. అయినా వెనక్కి తగ్గలేదు. పేదలకు మాత్రం కనెక్షన్ ఖర్చులో సబ్సిడీ ఇచ్చి, మిగిలింది వాయిదాల్లో కట్టే వీలు కల్పించాడు. పదిహేనేళ్లు తిరగకుండానే ఆ నష్టం సుమారు 6 శాతానికి దిగింది, ఊరంతటికీ రోజంతా నీళ్లు వచ్చాయి. 2006లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు. పైపులు మార్చడానికి విదేశీ సాయం అందింది, నిజమే. కానీ బిల్లు కట్టని ఊరు కట్టడం మొదలుపెట్టింది పైపుల వల్ల కాదు. పెద్దవాడికీ పేదవాడికీ ఒకే న్యాయం జరుగుతోందని జనం కళ్లారా చూశారు, అందుకు.

మన దగ్గర్లోనే పూరీ ఉంది. 2021 జులైలో ఆ ఊరిలో రోజంతా నల్లా నీళ్లే నేరుగా తాగే పథకం మొదలైంది. నన్ను ఆకట్టుకున్నది అందులో 'జలసాథీ'ల పని. మహిళా సంఘాల్లోంచి తీసుకున్న ఆడవాళ్లే తమ ప్రాంతంలో మీటరు రీడింగ్ తీస్తారు, బిల్లు ఇస్తారు, డబ్బు వసూలు చేస్తారు, అక్కడికక్కడే నీటి నాణ్యత పరీక్షించి చూపిస్తారు. తెలిసిన అక్క వచ్చి గుమ్మం ముందే పరీక్ష చేసి చూపిస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. ఆఫీసులో కూర్చుని 'మా నీళ్లు స్వచ్ఛమైనవి' అని ప్రకటన ఇస్తే అది కుదరదు.

ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. కొన్నేళ్ల కింద మా కాలనీలో పైపులైను మారుస్తామని ఒకరోజు పొద్దున్నే రోడ్డు తవ్వేశారు. ఎందుకో, ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు. 'రేపు వస్తాయి, ఎల్లుండి వస్తాయి' అంటూ మూడు వారాలు నీళ్లు నమిలారు. జనం వెళ్లి గొడవ పడ్డారు, అందులో నేనూ ఉన్నాను. తర్వాతి ఏడాది పక్క వీధిలో అదే పని ఒక చిన్న వయసు ఇంజినీరమ్మాయి చేయించింది. వారం ముందే ప్రతి గేటుకూ ఒక కాగితం అంటించింది. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా పని, ట్యాంకరు ఎన్ని గంటలకు వస్తుంది, ఎవరికి ఫోన్ చేయాలి అని అందులో రాసి ఉంది. పని రెండు రోజులు ఆలస్యమైంది. ఆ విషయం కూడా ముందు రోజే మళ్లీ వచ్చి చెప్పింది. ఒక్కరూ గొంతు పెంచలేదు. ఆ అమ్మాయి గొప్పగా మాట్లాడేదేం కాదు. అందుకే నీ ఉత్తరం చూడగానే నాకు ఆమే గుర్తొచ్చింది. ఈ పనికి ఉపన్యాసం అక్కర్లేదమ్మా. అవతలివాళ్లు చెప్పేది చివరిదాకా విని, రాసుకుని, తెలిసినంతే చెప్పి, చెప్పిన టైముకు మళ్లీ కనిపిస్తే చాలు. తక్కువ మాట్లాడేవాళ్లు దీన్ని చాలాసార్లు బాగా చేస్తారు.

ఇక దారి సంగతి. హైదరాబాద్ జలమండలి 1989లో చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ. అక్కడ ఒక సెక్షన్‌ను చూసుకునే ఇంజినీరును మేనేజర్ అంటారు. ఆ పైన డీజీఎం, జీఎం, సీజీఎం, అందరికీ పైన ఐఏఎస్ అధికారి ఎండీగా ఉంటారు. మేనేజర్ పోస్టులను సర్వీస్ కమిషన్ ద్వారా భర్తీ చేసిన సందర్భం ఉంది. ఆంధ్రలోనైతే విజయవాడ, విశాఖ లాంటి చోట్ల నీటి సరఫరా నగరపాలక సంస్థ చేతిలోనే ఉంటుంది, ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగం ద్వారా కూడా అవకాశాలు వస్తాయి. నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. కాబట్టి దానికోసమే ఇంట్లో కూర్చుని ఏళ్లు గడపొద్దు. ప్రభుత్వ ఇంజినీరు ఉద్యోగానికి పెట్టే ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) పరీక్షకూ, ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌కూ సిలబస్ చాలావరకు ఒకటే, ఒకే చదువుతో రెండూ రాయొచ్చు. ఈలోగా శుద్ధి ప్లాంట్లు నడిపే ప్రైవేటు సంస్థల్లో, నీటి ప్రాజెక్టుల కన్సల్టెన్సీల్లో ఉద్యోగాలు దొరుకుతాయి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు, అది నాన్నకు దాచకుండా చెప్పు.

ఎంటెక్ చేయాలనుకుంటే నీటి వనరులు, పర్యావరణ ఇంజినీరింగ్ కోర్సులకు వరంగల్ నిట్, జేఎన్‌టీయూ హైదరాబాద్ చూడు. జనం వైపు, విధానాల వైపు మనసు లాగితే ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో నీటి విధానం, పాలన మీద ఎంఏ ఉంది, దానికి ఇంజినీర్లూ వెళ్తారు. నా అభిప్రాయం అడిగితే, ఎంటెక్‌కు ముందు ఒకటి రెండేళ్లు ఫీల్డులో పనిచెయ్. వాల్వు తిప్పని మనిషి గీసిన డిజైన్‌లో వాల్వు ఎవరి చేతికీ అందని చోట ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మీద నాన్నకున్న ఇష్టాన్ని కూడా కాదనకు. ఈపీఏనెట్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది. పైపుల నెట్‌వర్క్‌లో ఎక్కడ ఎంత ఒత్తిడి ఉంటుందో లెక్కగట్టి చూపిస్తుంది. దానితోపాటు మ్యాపులకు క్యూజీఐఎస్ నేర్చుకో. ఈ రెండూ వచ్చిన సివిల్ వాళ్లు నీటి రంగంలో బాగా పనికొస్తారు.

భయం పోవడానికి ఈ నెలలోనే ఒక పని చెయ్. నువ్వుండే హాస్టల్ ప్రాంతంలో నీళ్లు వదిలే లైన్‌మ్యాన్ ఎవరో కనుక్కుని, 'అన్నా, ఒక వారం మీ వెంట వస్తాను, నేర్పండి' అని అడుగు. ఏ వాల్వు ఎన్ని మలుపులు తిప్పితే ఏ గల్లీకి నీళ్లు పోతాయో చాలామందికి తలలోనే ఉంటుంది, ఏ మ్యాపులోనూ ఉండదు. దాన్ని నువ్వు కాగితం మీద పెట్టు. క్లోరిన్ పరీక్ష ఎలా చేస్తారో చూడు. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. తర్వాత ఒక పది ఇళ్లకు వెళ్లి రెండే ప్రశ్నలు అడుగు: మీకు నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి? రాకపోతే ఎవరికి చెప్తారు? మొదటి మూడిళ్ల దగ్గర గొంతు వణుకుతుంది. వణకనీ.

నాన్నగారికి ఒక మాట. రాత్రిపూట పైపు పగిలితే వెళ్లాలి, వానాకాలంలో మ్యాన్‌హోళ్లు పొంగితే నిద్ర ఉండదు, నాయకుల ఫోన్లు వస్తాయి. ఫీల్డులో ఆడపిల్లలకు టాయిలెట్ లాంటి ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. వీటన్నిటి గురించి ఇప్పటికే ఆ పనిలో ఉన్న ఒక మహిళా ఇంజినీరును మీరిద్దరూ కలిసి అడగండి. ఆ తర్వాతే నిర్ణయం తీసుకోండి.

సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం కాలేజీ లెటర్ ఇప్పుడే రాయించుకో. అడిగేటప్పుడు ఏప్రిల్, మే నెలలే అడుగు. నీళ్లు తక్కువగా ఉండి, ట్యాంకర్ల కోసం ఫోన్లు మోగుతూనే ఉండే రోజులు అవే. అప్పుడు రెండు నెలలు నిలబడగలిగావో లేదో నాకు మళ్లీ రాయి.