సైన్యం బళ్ల లెక్కల్లో ‘ఓ-ల-పియే’ అంటే ఏమిటి?

నెపోలియన్ కాలపు సైన్యం సామాను బళ్ల గురించి చదువుతుంటే గుర్రాల పక్కన ‘ఓ-ల-పియే’ (haut-le-pied) అనే ఫ్రెంచి మాట కనిపిస్తోంది, అర్థం ఎవరూ తేల్చి చెప్పడం లేదు అని అడిగారు. అనువాదం చేసే యాప్‌లో వేస్తే ‘ఎత్తు పాదం’ లాంటిదేదో వస్తుంది. దాన్నే తెచ్చి జవాబుగా అతికించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నాకీ మాట ఫ్రాన్సులోని తూలూజ్‌లో రైలు ప్లాట్‌ఫారం మీద దొరికింది. ఉద్యోగం కోసం అక్కడున్న రోజులు. సాయంత్రం, సన్నటి వాన. దూరంగా లైట్లు కనబడగానే అందరం బ్యాగులు అందుకుని ముందుకు జరిగాం. వచ్చింది ఒట్టి ఇంజిను. వెనక ఒక్క పెట్టె లేదు. హారన్ కొట్టి, ఆగకుండా వెళ్లిపోయింది. పక్కనున్న పెద్దాయన, రైల్వేలో చేసి రిటైరయ్యాడట, ‘ఆష్-ఎల్-పే’ అన్నాడు. అంటే H, L, P అనే మూడక్షరాలు. నేను తెల్లమొహం వేస్తే విడదీసి చెప్పాడు: ఓ-ల-పియే. ఈ ఫ్రెంచివాళ్లు దేన్నైనా మూడక్షరాలకు కుదించేస్తారు, కొత్తగా వచ్చినవాడి అవస్థ వాళ్లకు పట్టదు.

నాకు వెంటనే మా నాన్న గుర్తొచ్చారు. కాజీపేటలో ఇంజిన్ డ్రైవరు. ‘ఇవాళ లైట్ ఇంజిన్ తీసుకుని డోర్నకల్ పోవాలె’ అనేవారు. అచ్చం అదే ఇది. బండి తగిలించకుండా ఒంటరిగా నడిచే ఇంజిను. ఫ్రాన్సులో ప్రయాణికులు లేకుండా డిపోకి పోయే బస్సుకూ ఇదే మాట.

రైళ్లు రాకముందు ఇది గుర్రాల మాట. బండికి కట్టకుండా, మీద ఎవరూ ఎక్కకుండా నడిచే గుర్రం అన్నమాట. 1807 దాకా నెపోలియన్ సైన్యం సామాను మోసింది ప్రైవేటు కాంట్రాక్టర్ల బళ్లే. రష్యా సైన్యంతో ఐలౌ దగ్గర యుద్ధం అయ్యాక, ఆ ఏడాది మార్చిలో నెపోలియన్ సొంత రవాణా దళం పెట్టాడు. బళ్లు ఎవరివైనా సరే, బురదలో లాగే గుర్రం కూలబడితే దాని చోట కట్టడానికి ఖాళీ గుర్రం వెంట ఉండాల్సిందే కదా!

చిక్కంతా ఎక్కడంటే, పాత ఫ్రెంచి నిఘంటువులు బళ్లు తోలేవాళ్ల మీద అజమాయిషీ చేసేవాడినీ, ఒక చోట కుదురుగా ఉండని మనిషినీ కూడా ఇదే మాటతో పిలుస్తాయి. వీటిని మూడు వేరు వేరు అర్థాలుగా చూడటం శుద్ధ దండగని నా గట్టి అభిప్రాయం. మెడ మీద కాడి లేకుండా వరుస వెంట నడిచేది గుర్రమైతేనేం, మనిషైతేనేం? మీరు చదివే లెక్కలో గుర్రాల సంఖ్య పక్కన ఉంటే అదనపు గుర్రాలనుకోండి. మనిషి పేరు పక్కన ఉంటే బళ్లవాళ్ల మేస్త్రీ అనుకుని ముందుకు సాగండి.