నీటిపై బాణసంచా కాల్చేటప్పుడు పడవలను ఎందుకు ఆపేస్తారు?

ముఖ్యంగా పైనుంచి రాలే నిప్పుల వల్ల. బాణసంచాను ఎక్కువగా బార్జి (సరుకులు మోసే చదునైన పెద్ద పడవ) మీద నుంచి పేలుస్తారు. కాలుతున్న అట్టముక్కలు గాలివాటున కొట్టుకొస్తాయి. పడవలో ఉండేవేమో పెట్రోలు ట్యాంకు, గుడ్డ కప్పు! పేలకుండా నీళ్లలో పడ్డ బాణసంచా గుండుతో ఇంకా టెన్షన్. అందుకే షో అయ్యాక కూడా వెంటనే దారి వదలరు.

ఎంత దూరం ఉండాలంటారా, అమెరికాలోని అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 1123 ప్రమాణం ప్రకారం గుండు వ్యాసంలో అంగుళానికి 70 అడుగులు. 8 అంగుళాల గుండుకు 560 అడుగులన్నమాట. అక్కడ కోస్ట్ గార్డ్ ప్రకటించే సేఫ్టీ జోన్ ఇంతకంటే పెద్దదిగానూ ఉండొచ్చు. అనుమతి లేకుండా అందులోకి వెళ్లకూడదు.

నన్నడిగితే, షో ముగియగానే చీకట్లో పడవలన్నీ ఒక్కసారే బయల్దేరడమూ తక్కువ ప్రమాదమేం కాదు.