టమాటాలో ఊజి, పనిచేయని బయో మందు, పక్కనే మల్బరీ తోట

ప్రశ్న: మాది దేవనహళ్లి తాలూకా, విజయపుర దగ్గర పల్లె. రెండెకరాల్లో టమాటా పెడతాం. పక్కనే మా తమ్ముడికి ఎకరా మల్బరీ ఉంది, పట్టుపురుగులు మేపుతాడు. పోయిన పంటకు 22 సార్లు మందు కొట్టాను, కూలితో కలిపి 58 వేలు అయింది. అయినా ఊజి పురుగు తగ్గలేదు. ఈసారి కొట్లో బయో మందు అని నాలుగు సీసాలు ఇచ్చారు, అదీ పనిచేయలేదు. సమగ్ర సస్యరక్షణ (ఎరలు, మిత్ర పురుగులతో కట్టడి చేసి, మందు చివరికే కొట్టే పద్ధతి) చేస్తే బెంగళూరు మాల్స్‌లో ధర ఎక్కువ ఇస్తారంటున్నారు, నిజమేనా? బీఎస్సీ బాటనీ చదివిన మా అబ్బాయి బయో మందుల షాపు పెడతానంటున్నాడు. పెట్టనివ్వమంటారా? బిల్లులు, సీసా, ఆకుల ఫొటోలు పంపుతున్నాను సార్.

జవాబు: ముందు ధర సంగతి తేల్చేద్దాం. రాదు. వస్తుందని ఎవరైనా చెబితే కాగితం మీద రాసివ్వమనండి.

మండీలో 15 కిలోల బాక్సు వేలానికి వచ్చినప్పుడు కొనేవాడు ఏం చూస్తాడో మీకు నేను చెప్పాలా? పై వరసలో రంగు చూస్తాడు, అడుగుకు చెయ్యి పెట్టి రెండు కాయలు లాగుతాడు, బొటనవేలితో నొక్కుతాడు. ఎన్నిసార్లు మందు కొట్టావని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. మాల్స్‌కు సరుకు పంపే కలెక్షన్ సెంటర్లలో గ్రేడింగ్ ఇంకా గట్టిగా ఉంటుంది. సూదిమొనంత రంధ్రం ఉన్నా కాయ వెనక్కి వస్తుంది. ధర మాత్రం ఆ రోజు మండీ రేటును పట్టుకునే నడుస్తుంది.

కర్ణాటకలో మందు అవశేషాలకూ ధరకూ నిజంగా ముడిపడిన పంటల్లో గెర్కిన్ (ఊరబెట్టే చిన్న దోసకాయ) ఒకటి. ఎగుమతి కోసం కంపెనీలు కాంట్రాక్టు మీద వేయిస్తాయి. యూరప్‌లో ఏదైనా మందుకు విడిగా పరిమితి పెట్టకపోతే కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. దాటితే సరుకు ఆగిపోతుంది. అందుకే ఏ మందు, ఎప్పుడు, ఎంత అనేది కంపెనీ మనిషే చేనుకు వచ్చి చెబుతాడు. మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా కూరగాయలకు అదే 0.01 అంకె పెట్టుకుంది. కాకపోతే మండీలో మీ బాక్సు పక్కన నిలబడి దాన్ని కొలిచే మనిషి లేడు. దేశంలో సమగ్ర సస్యరక్షణ నత్తనడక నడవడానికి నా లెక్కలో ఇదే పెద్ద కారణం. మంచి పని చేసినవాడికి మార్కెట్లో గుర్తింపు లేదు, చెడ్డ పని చేసినవాడికి జరిమానా లేదు.

అలాగని మీకు లాభం లేదనుకోకండి. అది అమ్మకం పుస్తకంలో కాక ఖర్చు పుస్తకంలో కనిపిస్తుంది. 58 వేలను 22తో భాగిస్తే ఒక్కో పిచికారీకి 2,600 పైచిలుకు పడింది. అందులో పది తగ్గించగలిగితే 26 వేలు. ఎరలకూ, పురుగు గుడ్లను తినే పరాన్నజీవుల కార్డులకూ కొంత పోయినా మిగిలేది చిన్న మొత్తం కాదు. ఇంకో లాభం మీ తమ్ముడి తోటలో ఉంది, దాని దగ్గరికి తరవాత వస్తాను.

మీ ఆకుల ఫొటో చూశాను. మీరు ఊజి అంటున్నది టూటా అబ్సల్యూటా అనే పురుగు. పట్టుపురుగులను పట్టే ఊజి ఈగకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, పేరు ఒకటే అయి కూర్చుంది. ఇది దక్షిణ అమెరికాలో పుట్టింది, మన దేశంలో 2014లో బయటపడింది. ఆకును ఎండకెత్తి చూడండి. సన్నని తెల్లగీత వంకరలు తిరుగుతూ పోతే అది మామూలు పాము పొడ, దానికి అంత కంగారు అక్కర్లేదు. ఉబ్బిన మచ్చలా వెడల్పుగా తెల్లబడి, లోపల నల్లటి పెంటిక, ఒక్కోసారి కదిలే చిన్న పురుగు కూడా కనిపిస్తే అది టూటా. ఆకు రెండు పొరల మధ్య కూర్చుని తింటుంది కాబట్టి పైన కొట్టిన మందు దాని నోటిదాకా పోదు. తొడిమ దగ్గర గుండుసూది రంధ్రం పెట్టి కాయలోకి దూరాక ఇక ఏం కొట్టినా దండగే.

మరి 22 సార్లు కొట్టింది ఏమైంది? జవాబు మీ బిల్లుల్లోనే దొరికింది. పదకొండు రకాల పేర్లున్నాయి. బ్రాండు పేరు వదిలేసి కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదివితే, ఏడింటిలో క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్, సయాంట్రానిలిప్రోల్, వీటిలో ఏదో ఒకటి ఉంది. ఈ మూడూ ఒకే గుంపు మందులు, పురుగు ఒంట్లో ఒకే చోట దెబ్బ కొడతాయి. మీరు మందు మార్చాననుకున్నారు, పురుగుకు మాత్రం అదే మందు ఏడు పేర్లతో అందింది. తట్టుకోవడం నేర్చుకోదూ?

దీని వెనక మార్కెట్ కథ ఒకటుంది. క్లోరాంట్రానిలిప్రోల్ పేటెంటు మన దేశంలో 2022 ఆగస్టులో ముగిసింది. అప్పటిదాకా ఒకే కంపెనీ చేతిలో ఉండి, ధర మండుతూ, రైతు ఆచితూచి వాడిన మందు అది. పేటెంటు పోగానే చాలా కంపెనీలు తమ తమ పేర్లతో దింపాయి, ధర దిగింది. చవకైతే సంతోషమే. కానీ చవకైన మంచి మందును ప్రతి వారం కొట్టడం మొదలుపెడతాం, దాని పదును మనమే అరగదీస్తాం. పైగా సీసా అంత చవగ్గా దొరుకుతుంటే ఎరబుట్టలు, కార్డులు దండగ ఖర్చులా కనిపిస్తాయి. సమగ్ర సస్యరక్షణకు ఇవాళ అసలు పోటీ చవకైన జెనరిక్ సీసాతోనే.

ఇక మీ బయో సీసా. లేబుల్ మీద ‘ప్రకృతి సారాలు’, పచ్చటి ఆకు బొమ్మ, ‘అన్ని పురుగులకు’ అని ఉన్నాయి. లేనిది రిజిస్ట్రేషన్ నంబరు. బయో అయినా సరే, పురుగును చంపుతుందని అమ్మే ప్రతి మందుకూ 1968 నాటి పురుగుమందుల చట్టం కింద కేంద్ర బోర్డు ఇచ్చిన నంబరు ఉండాలి. లోపల ఉన్న జీవి పేరు, గ్రాముకో మిల్లీలీటరుకో ఎన్ని జీవకణాలున్నాయో, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. మీ సీసాకు ఇవేవీ లేవు. బయోస్టిమ్యులెంట్ అనేవి ఇంకో జాతి. వాటిని 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. మొక్క ఎదుగుదలకే తప్ప పురుగుకు పనిచేస్తాయని అమ్మకూడదు. కొట్లో ఈ రెండూ ఒకే అరలో, ఒకే పచ్చ రంగు డబ్బాల్లో ఉంటాయి. తికమకపడటంలో మీ తప్పు లేదు.

రెండేళ్ల కిందట ఒక రైతు నా దగ్గరికి ఇలాంటి సీసానే తెచ్చి, ‘సార్, ఇది అద్భుతం, సాయంత్రం కొడితే తెల్లారేసరికి పురుగు రాలిపోయింది’ అన్నారు. మూత తీస్తే కళ్లలో నీళ్లు తిరిగే ఘాటు. జీవ మందేదీ అలా పనిచేయదు. బీటీ అనే బాక్టీరియా మందు తిన్న పురుగు కొన్ని గంటల్లో మేత మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. బవేరియా శిలీంధ్రానికి ఇంకా ఎక్కువ కావాలి. తెల్లారేసరికి రాలిపోతే సీసాలో రసాయనం కలిపారేమోనని అనుమానించాల్సిందే. బయో అనుకుని కొట్టి మర్నాడే కాయ కోస్తాం చూడండి, అదీ అసలు ప్రమాదం.

అసలైన జీవ మందు కూడా విఫలమవడం చూశాను. రేకుల షెడ్డులో ఏప్రిల్ ఎండకు మగ్గిన సీసాలో బతికిన కణాలుండవు. పొద్దున పది గంటలకు కొడితే ఎండే చంపేస్తుంది, సాయంత్రమే కొట్టాలి. కాపర్ మందు కలిపిన ట్యాంకులోనే ట్రైకోడెర్మా వేస్తే శిలీంధ్రాన్ని చంపే మందుతో మనకు కావలసిన శిలీంధ్రాన్నీ చంపుకున్నట్టే. మన బోర్ల నీళ్లు చాలాచోట్ల క్షారం ఎక్కువ. పీహెచ్ 8 దాటిన నీళ్లలో బీటీ కలిపి గంటల కొద్దీ ఉంచితే బలం పోతుంది, కాబట్టి కలిపిన వెంటనే కొట్టేయాలి.

ఇదంతా చెప్పి, మీకు మాత్రం బీటీ వద్దంటున్నాను. బవేరియా కూడా వద్దు. పట్టుపురుగు కూడా పురుగే కదా. బీటీ తుంపర పడిన ఆకు తింటే అది కూడా చస్తుంది. పట్టు రైతులు సున్నపు రోగం అని భయపడేది బవేరియా తెచ్చే జబ్బే. మీరు ఏడు పేర్లతో కొట్టిన ఆ గుంపు మందులైతే మరీ ప్రమాదం, మల్బరీ ఆకు మీద పడితే చాలా రోజులు విషంగానే ఉంటాయి. పోయిన ఏడు మీ తమ్ముడికి ఏ మేపు దెబ్బతిన్నదో, దానికి ముందు మీరు ఏ రోజు మందు కొట్టారో ఒకసారి ఇద్దరూ కూర్చుని తేదీలు చూసుకోండి. వేపమందును కూడా ఆ వైపు గాలి ఉన్నప్పుడు కొట్టకండి, ఆకు చేదెక్కితే పురుగు మేత ముట్టదు.

కాబట్టి మీ చేనుకు పిచికారీ అక్కర్లేని పనులే ముందు. నారుమడి మీద సన్న కన్ను వల కట్టండి. నాటిన రోజే టూటా ఎరతో లింగాకర్షక బుట్టలు పెట్టండి. ఉనికి తెలుసుకోవడానికి నాలుగైదు చాలు. మీ చేలో పోయినసారి ఇంత ఉధృతంగా ఉంది కాబట్టి ఎకరాకు 15 నుంచి 20 పెట్టి మగ రెక్కల పురుగులను పట్టేయడం మేలు. కాయ తొలిచే శనగపచ్చ పురుగు ఎర వేరు, టూటా ఎర వేరు, కొట్లో ఏది ఇచ్చారో చూసుకోండి. గుడ్లను తినే ట్రైకోగ్రామా పరాన్నజీవుల్లో అకీయే రకం టూటాకు పనికొస్తుంది. కార్డుల కోసం బెంగళూరు హెబ్బాళలోని వ్యవసాయ కీటకాల పరిశోధన సంస్థ ఎన్‌బీఏఐఆర్‌ను ముందుగా అడగండి. అప్పటికప్పుడు పోతే దొరకవు. ఒక కార్డు మీద సుమారు 20 వేలుంటాయి. ముక్కలు చేసి, సాయంత్రం, ఆకు అడుగున పిన్ను కొట్టండి. వారానికొకటి చొప్పున ఎకరాకు ఐదారు వారాలు. చీమలు పట్టకుండా చూడండి, ఆ వారాల్లో రసాయనం ముట్టకండి.

శనగపచ్చ పురుగుకు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వారి బంతి పద్ధతి ఇంకా పాతబడలేదు. 16 వరుసల టమాటాకు ఒక వరుస ఎత్తు పెరిగే బంతి. టమాటా నారు 25 రోజులది, బంతి నారు 45 రోజులది ఉండాలి. రెండూ ఒకేసారి పూతకు వస్తేనే పురుగు బంతి మీదికి పోతుంది. దానికి ఎన్‌పీవీ వైరస్ కొట్టుకోవచ్చు, అది శనగపచ్చ పురుగును తప్ప పట్టుపురుగును ఏమీ చేయదు.

ఫొటోలో ఓ మూలన గట్టు మీద ఏరి పారేసిన కాయల కుప్ప కనిపించింది. మీ పురుగుల ఫ్యాక్టరీ అదే. నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి వారం ఎండలో పెట్టండి. పొడ పట్టిన అడుగు ఆకులనూ అలాగే చేయండి. టమాటా తరవాత మళ్లీ టమాటా, వంకాయ, బంగాళాదుంప వద్దు. రాగి గానీ బీన్స్ గానీ వేయండి. పక్క చేన్లవాళ్లు కలిసొస్తే పని సగమవుతుంది, ఒక్కరే బుట్టలు పెడితే ఊరి పురుగంతా మీకే చుట్టం.

అప్పటికీ మందు తప్పకపోతే కొట్టండి, తప్పు లేదు. టూటా ఒక తరం నెల రోజులకు అటూ ఇటూ. ఒక నెలలో ఒక గుంపు వాడితే వచ్చే నెల దాని జోలికి పోకండి. గాలి మల్బరీ వైపు లేనప్పుడు కొట్టండి, తమ్ముడికి ముందే చెప్పండి. లేబుల్ మీద కోతకు ముందు ఆగాల్సిన రోజులుంటాయి. మూడు నాలుగు రోజులకొక కోత కోసే మీకు ఐదు రోజుల మందు కుదరదు. కోత కోసి ఆ సాయంత్రమే కొట్టినా తరవాతి కోత ఒకటి జరుపుకోవాల్సిందే.

అబ్బాయి షాపు. వద్దనను. జీవ మందులు అమ్మడానికీ పురుగుమందుల లైసెన్సే కావాలి, బాటనీ డిగ్రీని నిబంధనలు ఒప్పుకుంటాయి. ఏ కంపెనీ సరుకు పెట్టినా వాళ్ల ప్రిన్సిపల్ సర్టిఫికెట్ (తమ సరుకు అమ్ముకోవచ్చని కంపెనీ ఇచ్చే పత్రం) చేతికి వచ్చాకే అరలో పెట్టమనండి. గాలి కూడా ఇప్పుడు అటే వీస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వేప, బీటీ, ట్రైకోడెర్మా వంటి 12 రకాల జీవ మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. రసాయనాలకు 18 శాతమే. కష్టమల్లా ఒకటి, ఇది ప్రాణమున్న సరుకు. అరువు మీద ఇచ్చి పంట చేతికొచ్చాక వసూలు చేసే మన పద్ధతిలో గడువు దాటిన ప్యాకెట్లు నష్టంగా మిగులుతాయి. రేకుల గది కాకుండా చల్లగా ఉండే గది చూడమనండి, మొదటి ఏడాది తక్కువ సరుకుతో, ఎక్కువసార్లు తెప్పించుకోమనండి. ఎరలు, జిగురు అట్టలు, వలలు కూడా పెడితే చేతిలో డబ్బు తిరుగుతుంది.

మళ్లీ నాటే ముందు ఒకసారి రండి. పాత చేలో మిగిలిన మొక్కల నుంచి ఓ ఇరవై ఆకులు తెండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మ పట్టి కుళ్లిపోతాయి. న్యూస్‌పేపర్లో చుట్టండి. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకురండి, పీహెచ్ చూద్దాం. తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకు రండి.