ఫ్రిస్కోలో ఇల్లు: కాలిన్ కౌంటీ మంచిదా, డెంటన్ కౌంటీ మంచిదా?

పిల్లల చదువు కోసమే అయితే కౌంటీని బట్టి ఇల్లు ఎంచుకోనక్కర్లేదు, ఆ అడ్రస్ ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తుందో చూసుకోండి. టెక్సస్‌లో ప్రభుత్వ బడుల్ని నడిపేది కౌంటీ కాదు, విడిగా ఉండే స్కూల్ డిస్ట్రిక్టులు, వాటి హద్దులు కౌంటీ గీతని పట్టించుకోవు.

డాలస్ దగ్గర మనవాళ్లు బాగా ఉండే ఫ్రిస్కో సంగతే చూడండి. ఊరు కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో ఉంది, ఫ్రిస్కో ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) రెండింట్లోనూ ఉంది. అసలు తిరకాసు ఏంటంటే, అడ్రస్‌లో ఫ్రిస్కో అని ఉన్నా ఆ ఇల్లు ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ లేదా లూయిస్‌విల్ డిస్ట్రిక్ట్ కిందికి రావచ్చు. అడ్వాన్స్ ఇచ్చేలోపే డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరుతో సహా కొట్టి చూడండి.

చాలామంది "ఆ కౌంటీలో టాక్స్ తక్కువ" అనేసుకుంటారు. ప్రాపర్టీ టాక్స్ బిల్లు తెరిస్తే అందులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, కౌంటీది చిన్న ముక్క. కొత్త కాలనీల్లో నీళ్లు, డ్రైనేజీ కోసం వేసే మడ్ (MUD, మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) టాక్స్ ఉందంటే మాత్రం బిల్లు బాగానే పెరుగుతుంది, అది ఏ కౌంటీలోనైనా అంతే. కౌంటీ వల్ల తేడా కనిపించేది కాలిన్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీ ఫీజులో, అక్కడ కాలిన్ కౌంటీలో ఉండేవాళ్లకి తక్కువ.